రాజుగారి పచ్చని విందు

ఒక రాజు పండుగకి విందు చేద్దామనుకున్నాడు. ఆ విందు వల్ల చెట్టుకీ పుట్టకీ, గాలికీ నీటికీ రవ్వంత కీడు కూడా జరగకూడదని ఆజ్ఞ వేశాడు.

ఈ బుద్ధి ఆయనకి ఊరికే పుట్టలేదు. కిందటేడు దీపాల పండుగకి కోటలో కాల్చిన మందుగుండు పొగకి ఏటి గట్టు మీది కొంగలు టపటపా రాలిపోయాయి. విందులో మిగిలిన ఎంగిలీ చెత్తా తీసుకెళ్లి ఏట్లో పారబోస్తే ఆ కంపు పొరుగు రాజ్యం దాకా కొట్టింది. పొరుగు రాజు నిండు సభలో ముక్కు మూసుకుని నవ్వాడట. కొంగలు చచ్చినందుకు కాదు, ఆ నవ్వుకి మన రాజుకి నిద్ర పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో ఉన్నదే. ఈయన ఆ ఆకులు కూడా ఇంకొకరి చెట్టువి పట్టుకున్నాడు.

ఆ చెట్లు తోటత్తవి. కోట దిగువన, ఏటి ఒడ్డున ఆమెకొక అరటితోట ఉంది. పెనిమిటి పోయాక పిలకలు నాటి, నీళ్లు మోసి, ఒంటి చేత్తో పెంచుకుంది. ఊళ్లో చిన్నా పెద్దా దాదాపు అందరికీ ఆమె అత్తే. ఎవరింట్లో పది మందికి అన్నం పెట్టాలన్నా ఆకులు ఆ తోటవే. అయితే చెట్టుకి రెండాకులు మించి కొయ్యనిచ్చేది కాదు. ఆ నెలలోనే గెలలు వేశాయి. కాయలింకా చిటికెనవేలంత ఉన్నాయి. ఏడాది తిండి ఆ గెలల్లోనే ఉంది ఆమెకి.

మంత్రి కొడవళ్ల మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. ముందు డప్పులు కూడా పెట్టించాడు.

"అదృష్టవంతురాలివమ్మా. రాజుగారి పచ్చని విందుకి నీ తోటే నచ్చింది. ఆకులన్నీ కావాలి" అన్నాడు.

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ. తినడానికి కొన్ని, పందిరికి కొన్ని. మిగతావి బాటంతా పరుస్తాం. వచ్చే రాజుల రథాలు పచ్చటి ఆకుల మీద నడవాలని ప్రభువుల ముచ్చట."

తోటత్త ముందు నెమ్మదిగానే చెప్పింది. "బాబూ, ఆకులన్నీ కోసేస్తే కాయ ఊరదు. ఎండకి గెల మాడిపోతుంది. చెట్టుకి రెండు చొప్పున నేనే కోసిస్తాను, పట్టుకెళ్లండి. చాలని వాళ్లకి కోటలో కంచు పళ్లేలున్నాయి కదా, వాటిలో వడ్డించండి. కడుక్కుంటే మళ్లీ పండక్కీ పనికొస్తాయి."

మంత్రి జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా, పళ్లెం కడిగితే ఎవరు చూస్తారు?"

ఆ మాటతో ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే చూపించుకోడానికా నా తోట నరకడం? తల్లిని చంపి తద్దినానికి తరుగుతారుట్రా కూరలు!" అని ఒక చెట్టుని కావిలించుకుని నిలబడింది. ఇద్దరు మనుషులు ఆమెని రెండు రెక్కలూ పట్టి పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. మర్యాదగానే కూర్చోబెట్టారు, ఎందుకంటే ఎవరికీ నొప్పి కలగకూడదని ఆజ్ఞ.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తోటలో నీడన్నది లేదు. ఇంకా విప్పారని సుడి ఆకుల్ని కూడా లాగేశారు. బోడి బోదెలు, వాటికి వేలాడే చిట్టి గెలలు మిగిలాయి.

పక్కింటి కుమ్మరి వచ్చి ఆమె దగ్గర కూలబడ్డాడు. ఒక్క గుటక తాగి పగలగొట్టడానికి బండ్లకొద్దీ మట్టి ముంతలు చెయ్యమని అతనికీ ఆజ్ఞ వచ్చింది. ఏటి గట్టు తవ్వి తవ్వి అతని చేతులు పుళ్లు పడి ఉన్నాయి.

"ఊరుకో చెల్లీ. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే" అన్నాడు.

"ఆ సామెత కట్టింది ముల్లే అయ్యుంటుందన్నా" అంది తోటత్త.

పండుగనాడు ఆమె ఇంటికి పల్లకీ వచ్చింది. విందుకి తోటమ్మే ముఖ్య అతిథి అన్నారు. వెళ్లనే వెళ్లననుకుంది. మళ్లీ, నా ఆకులు ఏమయ్యాయో కళ్లారా చూసి రావాలి అనుకుని లేచింది. కుమ్మరీ, ఊరివాళ్లూ పల్లకీ వెనక నడిచారు.

చూసింది. బాటంతా తన ఆకులే. వాటి మీద రథాలు నడిచి నడిచి పచ్చటి బురదయింది. బాట పక్కన ఎండిపోయిన చెట్లకి ఆకుపచ్చ రంగు పూసి ఉంది. ఆ రంగు ఇంకా తడిగా ఉంది. తోటత్తకి ఏడుపు రాలేదు, తిట్లు వచ్చాయి. వాటిని పళ్ల మధ్యే నమిలింది.

రాజు ఎదురొచ్చి ఆమెకి పచ్చ శాలువా కప్పాడు. పొరుగు రాజు వైపు ఒకసారి చూసి గొంతు పెంచాడు. "ఈ విందులో ఒక్క చీమకి కూడా కష్టం కలగలేదు! ఏం తోటమ్మా, తోట ఎలా ఉంది?"

"తోట లేదు దొరా" అంది ఆమె.

"ఎందుకు లేదు, అంతా ఇక్కడే ఉందిగా!" అని రాజు పందిరి చూపించి పకపకా నవ్వాడు. కొలువంతా నవ్వింది.

బంతులు తీరాయి. ఆమెని రాజు ఎదుటే కూర్చోబెట్టారు. ఊరివాళ్లు ఆమె వరసలో కూర్చున్నారు. తన ముందు పరిచిన ఆకు చూసుకుంది తోటత్త. లేత సుడి ఆకు, బలవంతాన విప్పినట్టు అంచులు చిట్లి ఉన్నాయి. అందులో అన్నం వడ్డించారు. అన్నం ఏం పాపం చేసిందని కళ్లకద్దుకుని తింది. మెతుకు మిగల్చలేదు.

తినడం అయ్యాక ఆకు మడిచింది. శుభకార్యంలో తిన్నవాళ్లు, ఈ ఇంట మళ్లీ మళ్లీ ఇలాంటి భోజనం కలగాలని ఆకుని తమవైపుకి మడుస్తారు. చావు భోజనంలో, ఇలాంటిది మరి రాకూడదని అవతలికి మడుస్తారు. తోటత్త తన ఆకుని అవతలికి మడిచి, మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కింది.

కుమ్మరి చూశాడు. పుళ్లు పడిన చేతులతో తనదీ అవతలికే మడిచాడు. అతని పక్కవాళ్లు మడిచారు. చప్పుడు లేకుండా బంతి బంతంతా ఆకులు అవతలికి తిరిగాయి.

రాజు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఆకు మడిచినవాడు కాదు. ఆయన లేవగానే ఎత్తేవాళ్లు ఎత్తేస్తారు. ఇవాళ అందరూ ఒక్క తీరున మడవడం చూసి ఆయనకి ముచ్చటేసింది. "నేనూ జనంలో ఒకణ్ణే! నా ఆకు ఎవరూ తియ్యొద్దు" అని, తోటత్త చేతుల్నే చూస్తూ, బంగారు ఉంగరాల చేత్తో తన ఆకుని అవతలికి మడిచాడు. ఆమె నొక్కినట్టే నొక్కాడు కూడా.

మంత్రి తన ఆకు వంక చూశాడు. ఇవతలికి మడిస్తే రాజుని కాదన్నట్టు. చాలాసేపు చూసి, అవతలికే మడిచాడు. కొలువు కూడా అతన్నే అనుసరించింది. పొరుగు రాజు మాత్రం లేచి, చెయ్యి కడుక్కోకుండానే రథం ఎక్కాడు.

రాజు వాకిట్లో నిలబడి, "పై ఏడు కూడా ఇలాగే చేద్దాం! అందరూ రావాలి!" అని పేరుపేరునా పిలుస్తున్నాడు. వెళ్లొస్తామని ఒక్కరూ అనలేదు.

తోటత్త పల్లకీ ఎక్కకుండా నడిచే ఇంటికొచ్చింది. గడప తొక్కలేదు. నూతి దగ్గరికెళ్లి చేద లాగి, పచ్చ శాలువాతో సహా నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంది. పక్కింట్లో, ఆ పక్కింట్లో, ఊరంతా నూతుల దగ్గర చేదల చప్పుడు వినిపిస్తూనే ఉంది.