చెట్టెక్కిన కొండగొర్రె

అనగనగా ఒక కొండ ఊళ్ళో, మబ్బులు అడక్కుండా వంటింట్లోకి వచ్చేసే ఊళ్ళో, బుద్రమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

ఆ ఊరికొక కట్టుబాటు ఉంది. చెట్ల నిండా మామిడికాయలున్నా సరే, కొత్తల పండగ చేసి కొండదేవతకి పెట్టేదాకా ఎవరూ ఒక్క కాయ ముట్టకూడదు. ఎందుకంటావా? వానాకాలం వచ్చేసరికి ఇళ్ళల్లో గింజలు అయిపోతాయి. అప్పుడు మామిడి టెంకల పిండితో అంబలి కాచుకుంటారు. లేతకాయలన్నీ ముందే రాలగొట్టి తినేస్తే టెంకెక్కడిది, అంబలెక్కడిది?

మరి టెంక ముదిరిందని ఎలా తెలుస్తుంది? కాయ కోసి చూడొచ్చుగా అంటావు. కోయకూడదనే కదే తల్లీ కట్టుబాటు. అందుకని అడవిని చూసి చెప్పేవాళ్ళు. కోయిల కూయాలి. పేరుకి గొర్రె అయినా జింక జాతిదే, కుక్కలా మొరిగే కొండగొర్రె వాగు దగ్గర అరవాలి. ముక్కు మీద కొమ్ముండే కొమ్ముపిట్ట తొర్రలో దూరి గుడ్లు పెట్టాలి. మూడూ అయ్యాయని కబురొస్తే, ఊరికి మంచిరోజు చూసే దిసారి పండగ చాటిస్తాడు.

ఆ కబురు తెచ్చే పని బుద్రమ్మ అత్తది. అత్త పోయాక ఆ యేడే మొదటిసారి బుద్రమ్మ మీద పడింది. ఆ యేడే కోడలు కమిలికి నెల తప్పింది. ఏం తిన్నా వాంతులే. పుల్లమామిడి ఒక్కటే తినాలని ఉండేది పిల్లకి. పొద్దున లేస్తూనే, "అత్తా, కోయిల కూసిందేటి?" అని అడిగేది. రోజురోజుకీ పుల్లలా అయిపోతున్న ఆ మనిషిని చూసి బుద్రమ్మ చెవులు అడవి వైపే పెట్టుకుని ఉండేది.

అప్పుడు ఒక పొద్దున కొండవార కూఊ అని వినబడింది. బుద్రమ్మ చీర ఎగదోపుకుని పరిగెత్తింది. చెట్టు కిందకెళ్ళి చూస్తే కోయిల లేదు. నల్లటి పిట్టొకటి ఉంది. తోకకి రెండు పొడుగాటి ఈకలు, వాటి చివర చిన్న కుచ్చులు. బుద్రమ్మ బుర్ర గోక్కుని ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత వాగు దారిన పోతుంటే కొండగొర్రె మొరిగింది. వాగు దగ్గర్నుంచి కాదు, చెట్టు పైనుంచి. బుద్రమ్మ తలెత్తి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. వెళ్ళి దిసారికి చెప్పింది.

"కొండగొర్రెని చూసినావా?" అన్నాడాయన.

"ఇన్నాను బావా. చెట్టు మీద అరిసింది."

దిసారి ఆవిడని ఎగాదిగా చూశాడు. "గంజి తాగి తొంగో బుద్రీ," అన్నాడు. నవ్వకే, ఆవిడకి ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మేకల్ని పిలుద్దామని ఈల వేసింది. చెట్టు మీంచి అచ్చం అదే ఈల. మేకలన్నీ బుద్రమ్మని వదిలేసి ఆ చెట్టు కిందకి పోయాయి. పైన చూస్తే కుచ్చుతోక పిట్ట. ఎవరెలా అరిస్తే అది అలా అరుస్తోంది!

పోనీ, చిక్కు తీరిందా అంటే ఇంకా ముడి పడింది. పిట్ట ఆ కూత కోయిల దగ్గరే నేర్చుకునుండాలి. ఈ యేటి కోయిల దగ్గరా, నిరుటి కోయిల దగ్గరా? బుద్రమ్మ వెళ్ళి ఒక బండ మీద కూలబడింది.

అక్కడ కూర్చుని చూసింది కొమ్ముపిట్టని. ఆడపిట్ట తొర్రలో గుడ్ల మీద కూర్చుని, బయటికి సన్నటి సందు మాత్రం ఉంచి తొర్రంతా మూసేసుకుంది. మగపిట్ట జువ్విపండు తెచ్చి ఆ సందులో పెట్టింది. లోపలి ముక్కు అందుకుంది. మళ్ళీ ఎగిరిపోయి ఇంకోటి తెచ్చింది. చూస్తూ చూస్తూ బుద్రమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

నేరుగా దిసారి దగ్గరికెళ్ళింది. "బావా, కొమ్ముపిట్టని కళ్ళారా చూసినాను. మిగతా రెండూ ఇన్నాను గానీ నిజమో కాదో నాకు తెలదు. పండగ చాటించొద్దు. మా కమిలికి మాత్రం ఒక్క కాయ ఇయ్యి."

"మరి కట్టుబాటో?"

"అది అంబలి కోసం కదా. వానల్లో నా వాటా అంబలి మానేస్తాను. పిట్టే పెడతంది దాని పెళ్ళానికి. నాను మనిషిని."

దిసారి చాలాసేపు తువ్వాలు మడతపెట్టి విప్పి, విప్పి మడతపెట్టాడు. ఆ తర్వాత తానే లేచి ఒక కాయ కోశాడు. చీరి చూస్తే టెంక లేతగానూ లేదు, ముదురుగానూ లేదు. ఆయనా బుర్ర గోక్కున్నాడు.

కమిలి ఉప్పూ కారం అద్దుకుని ఒక ముక్క కొరికింది. సరిగ్గా అప్పుడే పైనుంచి కూఊ అని వినబడింది. ఊరంతా తలలెత్తింది. కోయిలని కొందరు, కాదు కుచ్చుతోకదని కొందరు. దిసారి ఇటూ ఊపాడు తల, అటూ ఊపాడు.

బుద్రమ్మ పైకి చూడనే లేదు. కోడలి మొహమే చూస్తోంది. వాంతి రాలేదు.

"ఇంకో ముక్క ఉందేటత్తా?" అంది కమిలి.

అప్పట్నుంచీ ఆ ఊళ్ళో మొదటి మామిడికాయ కడుపుతో ఉన్న పిల్లకే. దేవత వాటా ఆ తర్వాతే. ఆ కూసింది ఎవరంటావా? నాకు మాత్రం ఏం తెలుసే, కళ్ళు మూసుకో.

కూసిందెవరో కొండకెరుక,
పులుపు రుచేమో కమిలికెరుక,
కథేమో కాలినడకన కంచికి,
కునుకేమో చల్లగా మనింటికి.