గురవమ్మ రోకలి

ఒకానొక రాజ్యంలో, వడ్లు దంచుకుని బతికే గురవమ్మకి నిండు సభలో అన్యాయం జరిగింది. అది కార్తీక బహుళ తదియ, శుక్రవారం. చేసినవాడు దొంగా కాదు, శత్రువూ కాదు. సాక్షాత్తూ రాజు రణగండ భూపతి.

ఆ రాజుకి తన వాక్కంటే మహా మురిపెం. అందుకని ఒక శాసనం చేశాడు: నిజం చెప్పే నాలుక తడబడదు, కాబట్టి సభలో తడబడినవాళ్లు అబద్ధమాడినట్టే లెక్క. పండితులంతా ఆహా అన్నారు. వాళ్లు దేనికైనా ఆహా అంటారు, అది వాళ్ల ఉద్యోగం.

గురవమ్మకి పుట్టినప్పటినుంచీ నత్తి. ఆవిడ అత్త కట్టించిన దంపుడు కొట్టాన్ని, రాజుగారి ధాన్యపు కొట్లు చూసే గౌరయ్య కాజేసి, అది తన తాతలనాటి ఎద్దుల కొట్టమన్నాడు. ఎంత ధారాళంగా చెప్పాడంటే వినేవాళ్లకి ఎద్దులు కూడా కనపడ్డాయి. గురవమ్మ “మా, మా, మా అత్త” దగ్గరే ఆగిపోయింది. సభ నవ్వింది. కొట్టం గౌరయ్యదే అన్నాడు రాజు. పైగా ఒక సలహా పారేశాడు.

“నత్తి అంటే నాలుకకి పట్టిన బద్ధకం. సాధన చెయ్యి. మమ్మల్ని చూసి నేర్చుకో.”

సింహాసనం వెనక నిలబడ్డ మల్లసానికి ఒళ్లు మండింది. ఆవిడ తొమ్మిదేళ్లుగా రాజుగారి తాంబూలపు పెట్టె మోస్తున్న మనిషి. నోరు మహా పదును, కానీ సభలో తెరవడానికి వీల్లేని నోరు.

తీర్పు నచ్చనివాళ్లు నెల తిరిగేలోగా మళ్లీ మొరపెట్టుకోవచ్చు. ఆ సంగతి చెబుదామని మల్లసాని మర్నాడు గురవమ్మని వెతుక్కుంటూ వెళ్లింది. పక్కింటి పెరట్లో అరువు రోట్లో వడ్లు దంచుకుంటోంది గురవమ్మ. రోకలి ఆపకుండానే తన గోడు వెళ్లబోసుకుంది. వస నాకమన్నవాళ్లు నాకమన్నారు, మిరియాలు నమలమన్నవాళ్లు నమలమన్నారు, ఎవరో బుగ్గలో గులకరాళ్లు పెట్టుకోమంటే ఒకటి మింగేసింది కూడా. నాలుక మాత్రం మారలేదు. ఆ కొట్టం పోతే పదకొండుమంది ఆడవాళ్ల కూడు పోతుంది.

మల్లసాని రోకలి వంకా, గురవమ్మ నోటి వంకా చూసింది. “గురవమ్మా, ఇంతసేపూ ఒక్కసారి కూడా తడబడలేదే నువ్వు?”

గురవమ్మ రోకలి ఆపింది. “నే, నే, నేనా అక్కా?”

“ఆపకు. దంచు.”

పోటు పడింది, మాట వచ్చింది. పోటు పోటుకీ ఒక్కో మాట, గింజలా విడివిడిగా. దాన్ని చూస్తుంటే మల్లసానికి ఇంకో చెయ్యి గుర్తొచ్చింది. ఉంగరాల చెయ్యి. మాట మొదలెట్టే ముందు తన పెట్టెలోంచి అడకత్తెర తీసుకుని, టక్కు టక్కుమని వక్కలు కత్తిరించే చెయ్యి. రోజుకి వంద వక్కలు కత్తిరించి నాలుగే నమిలేవాడు ఆ మహానుభావుడు. మిగతావి ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాత మూడో సోమవారం మళ్లీ విచారణ. గురవమ్మ భుజాన రోకలితో వచ్చింది. వంటశాల నుంచి రోలూ, రెండు మానికల వడ్లూ మల్లసానే తెప్పించి ఉంచింది. రాజు కనుబొమలు ఎగరేసేలోపే మొదటి పోటు పడింది.

“మా అత్త కట్టిన కొట్టం దొరా. నేలలో పదకొండు రోళ్లు పాతించింది. ఎద్దుల కొట్టమైతే ఎద్దులకి రోళ్లెందుకో గౌరయ్యగారిని అడగండి.”

గౌరయ్య నాలుక మొదటిసారి తడబడింది. కానీ రాజుకి శాసనం ముఖ్యం. “రోకలి ఊతంతో చెప్పింది చెల్లదు” అన్నట్టు చెయ్యి విదిలించాడు.

“చిత్తం. ఆ మాటే తీర్పుగా సెలవియ్యండి ప్రభూ, లేఖకుడు రాసుకుంటాడు” అంది మల్లసాని, పెట్టె తెరిచి పట్టుకుని.

రాజు చెయ్యి పెట్టెలోకి వెళ్లింది. ఆకులున్నాయి, సున్నం ఉంది, వక్కలున్నాయి. అడకత్తెర లేదు.

“మేము... అనగా మేము... ఈ, ఈ రోకలి విషయమై...”

వేళ్లు గాలిని కత్తిరిస్తున్నాయి. పండితులకి ఆహా అనాలో వద్దో తెలియలేదు. తన ఉద్యోగమే పోతుందో తలే పోతుందో అనుకుంది మల్లసాని. అయినా కాసేపు అలాగే ఉండనిచ్చి, బొడ్లోంచి అడకత్తెర తీసి అందించింది.

టక్కు. “ఎక్కడ దాచావే దీన్ని, ఎంత పొగరు నీకు!” మాట గడగడా దొర్లింది.

“తమరే కదా ప్రభూ, మమ్మల్ని చూసి నేర్చుకోమన్నారు. చూసే నేర్చుకుంది. తమ రోకలి గుప్పిట్లో పడుతుంది, దానిది పట్టదు. అంతే తేడా.”

రాజు అడకత్తెర వంక చూశాడు. రోకలి వంక చూశాడు. ముందు మీసం అదిరింది, తర్వాత భుజాలు, ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడు పండితులూ నవ్వారు. గురవమ్మ రోకలికి ఆనుకుని, పదిహేడు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలింది.

మల్లసానికి రాజు తన చేతి కడియం తీసిచ్చాడు. ఆవిడ పుచ్చుకుంది, ఎందుకు వదులుతుంది? పుచ్చుకుని, తీర్పు రాయించమన్నట్టు లేఖకుడి ఘంటం వంక చూపించింది.

లేఖకుడు రాశాడు: తడబాటు శాసనం కొట్టివేయడమైనది. పదకొండు రోళ్లతో సహా కొట్టం గురవమ్మకి చెందినది. మార్గశిర శుద్ధ పంచమి, సోమవారం, రెండో జాము.