సర్వర్‌కి మఖమల్ తొడుగు

తణుకులో తన్మయి అనే తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. తెలివికి లోటు లేదు గానీ, ఇంట్లో ఎవరేం అడిగినా "నీకు అర్థం కాదులే" అని తీసిపారేసేది.

ఆ పిల్ల అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ ఒకటి సంపాదించింది. తండ్రి పట్టాభి బట్టలు కుట్టే ముందుగదిలో, అలమరలో దాన్ని పెట్టి, కోటలు కట్టే ఆటకు సర్వర్‌గా మార్చేసింది. వీధిలో పిల్లలంతా ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఆడినా, ఆట మొత్తం ఆ బుల్లి పెట్టె మీదే నడిచేది.

"అదేం చేస్తుందమ్మా? ఎప్పుడు చూసినా లైటు మిణుకుమంటూనే ఉంటుంది" అని పట్టాభి ముచ్చటపడి అడిగాడు.

"నీకు అర్థం కాదులే నాన్నా!"

వారంలో మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు.

ఇంతలో మిల్లు కాలనీ పిల్లలు ఎగతాళికి దిగారు. "అగ్గిపెట్టెంత సర్వరా! మధ్యలో ఆగిందంటే గెలుపు మాదే" అన్నారు.

"ఆగదు! ఆదివారం సాయంత్రం అయిదింటికి రండి, తేల్చుకుందాం" అంది తన్మయి. అవతలి కోట మీద ముందు జెండా పాతినవాళ్ళదే పందెం.

ఆదివారం రానే వచ్చింది. అబ్బ, ఏం పోరు! ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది. గోడలు కూలుతున్నాయి, వంతెనలు లేస్తున్నాయి. తన్మయి లోపలి గదిలోంచి "జోయెల్, ఎడమవైపు! ఎక్కు, ఎక్కు!" అని స్నేహితుడికి ఫోన్‌లో కేకలు పెడుతోంది. ఇంకో నాలుగు మెట్లెక్కితే జెండా పాతేయడమే! అంతలో జోయెల్ బొమ్మ మెట్టు మీదే బిగుసుకుపోయింది. అందరి తెరలూ కదలడం మానేశాయి. సర్వర్ ఆగిపోయింది.

తన్మయి ముందుగదిలోకి పరుగెత్తింది. అలమరలో జరీ అంచు వేసిన ఎర్ర మఖమల్ తొడుగు తళతళలాడుతోంది. లాగి చూస్తే లోపల కంప్యూటర్ పెనంలా కాలిపోతోంది.

"ఎవరు కప్పారు దీన్ని?"

"నేనేనమ్మా" అన్నాడు పట్టాభి సంబరంగా. "ఇవాళ నీ పందెం కదా! దుమ్ము పడకూడదని, టీవీకీ మిక్సీకీ కుట్టినట్టే దీనికీ కుట్టాను. బాగుందా?"

"గాలి తగలకపోతే వేడెక్కి ఆగిపోతుంది నాన్నా!"

"అంటే వేడి ఇస్త్రీపెట్టెను బొంతలో చుట్టినట్టన్నమాట! అయ్యో, ఆ ముక్క ముందే చెబితే కప్పేవాణ్ణా తల్లీ?"

అర్థం కాదనుకున్న సంగతి ఆయనకు ఒక్క మాటతో అర్థమైపోయింది! తన్మయి సిగ్గుతో తల దించుకుంది. అంతలో మిల్లు కాలనీవాళ్ళు ఫోన్ చేసి ఈలలు వేశారు. పందెం పోయింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆట సంగతంతా విడమరచి చెప్పింది. ఆయన హుషారుగా నాలుగు ఖాళీ దారపు రీళ్ళు తెచ్చి కంప్యూటర్ కింద కాళ్ళలా అమర్చాడు. ఇప్పుడు అడుగునుంచి కూడా గాలి ఆడింది.

"రమ్మనమ్మా వాళ్ళని, మళ్ళీ ఆదివారం!" అన్నాడు మీసం దువ్వుతూ.

తెలిసింది చెప్పడానికి విసుక్కుంటే, తెలియనివాళ్ళు చేసిన తప్పులో సగం మనదే అవుతుంది.