నడిచొస్తానన్న నాయకుడు

రాజుగారి రథశాలలో విడిభాగాల కొట్టు గవరమ్మ చేతిలో ఉండేది. ఏ సామానుకు ఆ కొయ్యమేకు. ఒక్కటి తగ్గినా ఖాళీ మేకు పన్నూడిన నోరులా కనబడిపోయేది. అలాంటి కొట్టులో, ఇంకా ఏ రథానికీ వెయ్యని కొత్త కడసీలలు మాయమయ్యాయి. చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టే సీలలవి.

కొట్టుకు తాళంచెవులు రెండే. ఒకటి గవరమ్మ మొలలో, రెండోది రథాధిపతి భైరవ నాయకుడి దగ్గర. పక్క వీధికైనా సొంత రథం దిగని ఆ పెద్దమనిషి రాజుగారి ముందు గొంతు చించుకున్నాడు.

"ఇంటిదొంగ ఇదే ప్రభూ! చెయ్యి నరికించండి."

గవరమ్మ అనుమానం నాయకుడి మీదే. కానీ రుజువు లేకుండా నోరు జారితే చెయ్యితో పాటు తలా పోతుంది. అందుకే తల వంచుకునే అంది.

"నా సంగతి అటుంచండి ప్రభూ. అవి పోతలో పగుళ్లొచ్చిన సీలలు, కరిగించాల్సినవి. వాటిని బిగించుకున్న రథం కోట వాలు దిగేలోగా బోల్తా కొడుతుంది. ఎవరి ప్రాణం మీదికొస్తుందో, పాపం!"

రాజు కొలువులో ఉన్న అందరి మొహాలూ ఒకసారి చూశాడు. "విచారణ కొండ కింద మండపంలో. మీ మీ రథాలెక్కండి."

అందరూ ఎక్కారు. నాయకుడొక్కడే తన రథచక్రాల వంక చూస్తూ ఉండిపోయాడు.

"నేను... నడిచొస్తాను ప్రభూ. ఒంటికి మంచిది."

రాజు సైగ చేశాడు. భటుడు ఆ చక్రం సీల ఊడదీస్తే, కొట్టు ముద్రతో కొత్తది నిగనిగలాడింది.

అప్పుడు తలెత్తింది గవరమ్మ.

"పగుళ్లూ లేవు, పాడూ లేదు ప్రభూ. మేలైన సీలలు. నాయకులవారిని చెరసాల దాకా భద్రంగా దింపుతాయి."