తొట్టిలో ముంచిన పొలం

వకుళ వేసిన బొమ్మకు మంచు పట్టడం లేదు.

బొమ్మలో తెల్లవారుజామున దివిసీమ పొలాలు. వరి, కాలువ గట్టు, వెనక తాడిచెట్ల వరస. అన్నీ కుదిరాయి. కానీ ఎక్కడో దూరాన ఉండాల్సిన తాడిచెట్లు చెయ్యి చాస్తే తగిలేలా ఉన్నాయి. మధ్యాహ్నం బస్సులో బొమ్మలు బందరు ప్రదర్శనకు వెళ్ళిపోవాలి. ఆమె పేరుతో బయటికి పోయే మొదటి బొమ్మ ఇదే.

"మాస్టారూ, పైన పలచగా తెల్లరంగు పూసెయ్యనా?"

నరహరి మాస్టారు బొమ్మను ఏటవాలుగా ఎండకు పట్టి చూశారు. "చివరి పూత ఆరాక ముంచావా?"

వకుళ ముంచలేదు. పూత ఆరిన ప్రతిసారీ కాగితాన్ని పెరట్లో తొట్టి నీళ్ళలో ముంచాలి. కాగితం పీల్చుకున్న రంగు ఉంటుంది, మిగతాది పోతుంది. ఆయన దగ్గర నేర్చుకున్న తొలి పాఠం అది. కింది పూతలను హాయిగా ముంచింది. అప్పుడు పోవడానికి ఏముంది గనక?

"ఆకు ఆకూ విడిగా దిద్దాను మాస్టారూ. ముంచితే పోతాయి."

"అదా! గేదె కుడితి తాగిన తొట్టి అని అనుమానమేమో అనుకున్నా."

ఆయన లోపలికెళ్ళి, అదే బస్సులో వెళ్ళాల్సిన తన బొమ్మ తెచ్చారు. పొలం గట్టు మీద లాంతరు పట్టుకున్న మనిషి. నిన్న చూసినవాళ్ళంతా ఆహా అన్న బొమ్మ. తెచ్చి, తొట్టిలో ముంచేశారు.

"అయ్యయ్యో, మాస్టారూ!"

నీళ్ళలో నీలం, పచ్చ సుడి తిరిగాయి. ఆయన మూలలు పట్టుకుని కాగితం పైకి తీశారు. గట్టు మీది మనిషి సగం కరిగాడు. అతని వెనక పొలం మాత్రం మైలు దూరం జరిగింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో వకుళకి చలేసింది.

తన బొమ్మ తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ముంచింది.

తీసింది.

"మాస్టారూ! తెల్లారుతోంది! చూడండి, ఇటు చూడండి, తెల్లారుతోంది!" గంతేసినంత పని చేసింది. అంతలోనే గొంతు తగ్గింది. "నా తాడిచెట్లు?"

"ఎక్కడికి పోతాయమ్మా? మంచులో ఉన్నాయి."

వకుళ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని ఎండలో ఆరబెట్టి, చీరకొంగు బొడ్లో దోపుకుంది.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"బస్సమ్మా," అన్నారు మాస్టారు.

వకుళ రోడ్డు వైపు చూడకుండా, తర్వాతి పూతకి నీలం కలుపుతోంది.