చుక్కమ్మ గుంటకు పువ్వు పరీక్ష

"కుచ్చయ్యా! ఓ కుచ్చయ్య మేస్త్రీ! ఎక్కడున్నావయ్యా?"

చుక్కమ్మ కేకకు మోదుగ కొమ్మల మీది చిలకలన్నీ గుప్పున లేచిపోయాయి. చుక్కమ్మ గేదె. నుదుటి మీద తెల్లచుక్క, కళ్ళలో ఎప్పుడూ ఒక చల్లదనం. అంత నెమ్మదైనది అలా అరిచిందంటే ఏదో జరిగిందన్నమాటే. పొద్దున మేతకు వెళ్ళేటప్పుడు పాక వెనక కొత్త గుంట కాలువలు రెండూ తెరిచే ఉన్నాయి. తిరిగొచ్చేసరికి రెంటి మీదా రాళ్ళు పరిచి, పైన మట్టి నున్నగా చదును చేసి ఉంది.

పొద చాటు నుంచి నక్క కుచ్చయ్య వచ్చాడు, తోక దులుపుకుంటూ. ఆ కుచ్చుతోక అంటే ఆయనకు ప్రాణం.

"ఏంటక్కా ఆ కేకలు? పని పూర్తయిందని సంతోషించక!"

"మట్టి ఎవరు కప్పమన్నారు? పెంకయ్య తాత రాలేదు, పువ్వు వెయ్యలేదు!"

"నీ ఇల్లు, నీ గుంట, నీ నీళ్ళు. ఎవడో వచ్చి పువ్వు వేసేదేంటి?"

"ఆ మాట పెద్ద బండ ఎక్కి అందరి ముందూ అను చూద్దాం."

కుచ్చయ్య తోక దులపడం ఆపేశాడు.

ఆ కొండవాలును ఫాల్గుణంలో చూడాలి. ఆకన్నది ఉండదు, చెట్టంతా ఎర్రటి పూలే. ఎవరి కోసమో కొండ దీపాలు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. అక్కడి జంతువులకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరింట్లో వాళ్ళు గోడ అలుక్కోవచ్చు, గడ్డిపరుపు మార్చుకోవచ్చు, గుమ్మానికి పూలు కట్టుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. నీళ్ళ జోలికి వెళ్తే మాత్రం పర్మిషన్ కావాలి. ముందు పెద్ద బండ మీద నిలబడి ఏం తవ్వుతారో, ఎక్కడో, ఎందుకో అందరికీ వినపడేలా చెప్పాలి. కింద ఉండేవాళ్ళు సరేననాలి. తవ్విన కాలువలు తెరిచే ఉంచాలి. అప్పుడు పెంకయ్య తాబేలు వచ్చి మురుగు కాలువలో ఒక మోదుగ పువ్వు వదులుతాడు. అది చెప్పిన చోటికి చేరితే రాళ్ళు పరిచి, మట్టి కప్పి, ఎద్దులతో తొక్కిస్తారు. ఆ తర్వాత అందులో గోరు కూడా దిగదు. చూపించకుండా కప్పేస్తే గుంట పూడ్చాల్సిందే.

ఇదంతా ఊరికే పెట్టుకున్నది కాదు. ఒక వానాకాలం ఓ అడవిపంది చెప్పాపెట్టకుండా గుంట తవ్వుకుంటే, ఆ నీళ్ళు కింద చెవులమ్మ కుందేలు ఇంట్లోకి పోయాయి. పాపం, పిల్లల్ని నోట కరుచుకుని వానలో పరిగెత్తింది. ఇప్పటికీ మబ్బు పడితే దానికి నిద్ర పట్టదు.

చుక్కమ్మకు ఈ గుంట సరదా కాదు. పాత గుంటకు గట్టు మరీ నిటారు. మోకాళ్ళు వాచిన గేదె దిగితే ఎక్కలేదు. పోయిన ఎండాకాలం అందులో ఇరుక్కుపోతే చుట్టుపక్కలవాళ్ళంతా వచ్చి తోయాల్సి వచ్చింది. నీళ్ళలో మునగకపోతే ఎండకు గేదె చర్మం పగులుతుంది. అందుకే కుచ్చయ్య చేత గట్టు వాలుగా చెక్కించి, ఊట నుంచి ఒక కాలువ, కింద చేమమడికి మురుగు కాలువ తవ్వించుకుంది. ఎండలు ముదరకముందే దిగాలి. అదొక్కటే దాని ఆశ.

"అక్కా, నా మాట విను," కుచ్చయ్య గొంతు తగ్గించాడు. "నువ్వు మేతకెళ్ళినప్పుడు తాత వచ్చి చూసిపోయాడని చెబుదాం. సాక్షిని నేనున్నాగా."

"తాత మా పాక దాకా నడవాలంటే ఒక పూట పడుతుంది. వచ్చాడూ వెళ్ళాడూ అంటే గాడిద కూడా నవ్వుతుంది."

"నిజం చెప్తే గుంట పూడుస్తారు! ఈ ఎండాకాలం ఏం చేస్తావ్?"

చుక్కమ్మ తన కొత్త గుంట వైపు చూసింది. నున్నటి వాలు. మోకాళ్ళు ఒక్కసారి లాగినట్టయ్యాయి.

"పూడిస్తే మళ్ళీ తవ్విస్తా. మళ్ళీ పిలుస్తా. చెవులమ్మ పిల్లల నిద్ర పాడుచేసి నేను చల్లగా పడుకోలేను," అని తాత ఇంటి దారి పట్టింది.

కుచ్చయ్య గుండెలో రాయి పడింది. ఎందుకో చెబుతాను. ఆయనకు కొత్తగా పెళ్ళయింది. భార్య చంద్రవంక. వెన్నెల్లో దాన్ని చూస్తే ఎవరైనా నిజంగా చందమామ ముక్కే అనుకుంటారు. పెళ్ళి మాటల్లో మేస్త్రిగారు గొప్పలు పోయాడు. "మా ఆవిడ అందరితో పాటు వాగుకు వెళ్ళదు. మా గుహలోనే స్నానాల గది. ఊటనీళ్ళు గుమ్మంలోకే వస్తాయి," అన్నాడు. పర్మిషన్ అడిగితే ఊట పంచుకోమంటారు, వంతు పెడతారు. అందుకని చుక్కమ్మ కాలువకు దొంగకన్నం పెడదామనుకున్నాడు. బండల మధ్య ఒకే సందు ఉంది కాబట్టి ఊట కాలువ, మురుగు కాలువ అక్కడ పక్కపక్కనే పోతాయి. ఆ సందు కిందే ఆయన గుహ. కాలువలు తెరిచి ఉంటే కన్నం అందరికీ కనపడుతుంది. ఎద్దులు తొక్కాక తవ్వడానికే వీలుకాదు. అందుకే ముందే మట్టి కప్పేశాడు.

చుక్కమ్మ అటు వెళ్ళగానే ఇటు గుహలోంచి పైకి గబగబా తవ్వుకుంటూ పోయాడు. కళ్ళలో మట్టి, ముక్కులో మట్టి. గోళ్ళకు ఖాళీ తగిలింది. అంతే, తలుపులా తెరిచి కిందికి దారి చేశాడు.

"ఏమండీ, నీళ్ళేవీ?" అంది చంద్రవంక.

"ఊట దగ్గర అడ్డురాయి తీస్తే వస్తాయే. నువ్వు తొట్టిలో కూర్చో. చెవి పక్కన పువ్వు పెట్టుకో, బాగుంటావు."

అది సిగ్గుపడుతూ వెళ్ళి కూర్చుంది.

కాసేపటికి చుక్కమ్మ వీపు మీద ఊగుతూ పెంకయ్య తాత దిగాడు. కింద చేమమడి దగ్గర చెవులమ్మ కాపలా నిలబడింది. కుచ్చయ్య చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు.

"తాతా, నేను లేనప్పుడు కప్పారు," అంది చుక్కమ్మ. "గుంట నాది కాబట్టి ముందు నన్నే అడగాలి. నువ్వేమన్నా సరే."

"ఎవరు కప్పారు?"

కుచ్చయ్య ఆకాశంలోకి చూశాడు. "గాలికి పడి ఉంటుంది తాతా. మట్టి కదా, తేలిక."

"ఓహో. చదును కూడా గాలే చేసిందన్నమాట," అన్నాడు తాత. "సరే, పూడ్చే ముందు పువ్వు వేసి చూద్దాం. అడ్డురాయి తియ్యండి."

ఊటనీళ్ళు గలగలా వచ్చి గుంటను నింపాయి. తాత మురుగు కాలువ నోట్లో ఎర్రటి పువ్వు వదిలాడు. "ఊఁ, దిగవే మనవరాలా."

చుక్కమ్మ వాలు మీద మెల్లగా, మోకాలు నొప్పి లేకుండా దిగింది. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. మేతా, బురదా, పేడా అన్నీ కలిసి నీళ్ళు బుడబుడమంటూ కాలువలోకి పోయాయి.

"చెవులమ్మా! పువ్వొచ్చిందా?"

"రాలేదు తాతా! చుక్క నీళ్ళు కూడా రాలేదు! వదినా, ఇంకోసారి దొర్లు!"

చుక్కమ్మ ఇంకోసారి దొర్లింది.

"ఊహూఁ!"

అప్పుడు వినపడింది, గుహలోంచి ఒక కేక. "ఏమండీ... ఇదేనా మీ ఊటనీళ్ళు!"

చంద్రవంక బయటికొచ్చింది. నెత్తి మీంచి తోకదాకా పచ్చటి పేడనీళ్ళు కారుతున్నాయి. చెవి పక్కన తను పెట్టుకున్న పువ్వొకటి. ముక్కు మీద తాత వదిలిన పువ్వొకటి.

చెవులమ్మ పైకి గెంతుతూ వచ్చి చూసి, నవ్వలేక పొట్ట పట్టుకుంది. "రెండు పూలు పెట్టావే మరదలా! పెళ్ళికూతురి కళ పోలేదింకా!"

"పందికొక్కుల పని అయ్యుంటుంది," అంటూ కుచ్చయ్య సందు వైపు పరిగెత్తి తవ్వబోయాడు.

"ఆగు. కాలువ ముట్టుకుంటున్నావు. పర్మిషన్ ఏదీ?" అన్నాడు తాత.

"ఇల్లు మునిగిపోతుంటే పర్మిషనేంటి తాతా!"

"చెవులమ్మ ఇల్లు మునిగిన రోజు పెట్టుకున్న కట్టుబాటే నాయనా. బండెక్కు. ఏం తవ్వుతావో, ఎక్కడో, ఎందుకో చెప్పు."

కుచ్చయ్యకు మెరుపులా ఓ ఆలోచన వచ్చింది. "అసలు చూపించకుండా కప్పిన గుంట కదా! రూలు ప్రకారం పూడ్చెయ్యండి. నీళ్ళే ఉండవు, గొడవే ఉండదు!"

చుక్కమ్మ కళ్ళు తెరిచింది. చెవులమ్మ, "ఓరి నీ మొహం మండా, అక్కా అక్కా అంటూనే..." అని ముందుకు దూకింది.

"పూడుద్దాం," అన్నాడు తాత నిదానంగా. "కప్పిందెవరో తేలకపోతే పూడ్చాల్సిందే. కాకపోతే కుచ్చయ్యా, గుంట నిండా మట్టి పోస్తే అందులో నీళ్ళన్నీ ఎటు పోతాయంటావ్?"

అందరూ గుహ వైపు చూశారు. కుచ్చయ్య కూడా చూశాడు.

మెల్లగా బండెక్కాడు. "మా ఇంట్లో చిన్న మరమ్మతు..." అని గొణిగాడు.

"ఏంటీ? నా చెవులకే వినపడలేదు!" అంది చెవులమ్మ.

"తొందరగా చెప్పు తమ్ముడూ," అంది చుక్కమ్మ. "నాకు ఇటు పక్క నానింది, ఇక అటు తిరగాలి." తిరగబోయింది. గుహలో బుడబుడమంది.

"తిరక్కక్కా, నీకు దణ్ణం పెడతా!"

చంద్రవంక ముక్కు మీది పువ్వు తీసి ఆయన కాళ్ళ దగ్గర పడేసింది. ఆ కళ్ళలో కోపం కంటే ఎక్కువగా ఇంకేదో ఉంది. "నేను వాగుకే వెళ్తానండీ. స్నానాల గది వద్దు. ఒక్క నిజం చెప్పండి చాలు."

కుచ్చయ్య తోక కిందికి వాలిపోయింది. కొండంతా వినపడేలా గొంతెత్తాడు.

"మట్టి కప్పింది నేనే! చుక్కమ్మక్క తప్పేం లేదు. ఊటనీళ్ళు దొంగతనంగా మా ఇంటికి తిప్పుకుందామని కాలువకు కన్నం పెట్టాను. కప్పేశాక ఏది మంచినీళ్ళ కాలువో, ఏది మురుగు కాలువో నాకూ తెలియలేదు. నలుగురి కంటా పడకూడదని కప్పాను తాతా, చివరికి నా పని నాకే కనపడకుండా పోయింది!"