నీళ్ళ మాట ఎత్తిన సన్యాసమ్మ

అనగనగా సముద్రానికి కాస్త ఎడంగా ఒక ఊరుండేదమ్మా. ఆ ఊళ్ళో సన్యాసమ్మ అని ఒక మంత్రసాని. ఊళ్ళో పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారు.

ఒక వానాకాలం పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. ముగ్గురు పసివాళ్ళు పోయారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ఎర్రమ్మే చేతబడి చేసిందని మునసబు అన్నాడు. అందరూ అవునన్నారు.

సన్యాసమ్మకి మాత్రం అనుమానం. మునసబు నార కోసం గోగు కట్టలు నానబెట్టే గుంట, ఊరంతా తాగే బావి పక్కనే ఉంది. ఆ కుళ్ళు నీళ్ళు బావిలోకి ఊరుతున్నాయి. వెళ్ళి ఆ మాట ఆయనకే చెప్పింది.

"నీకెందుకే ఈ గొడవ?" అన్నాడాయన. మర్నాడే దండోరా వేయించాడు, నీళ్ళ మాట ఎవరూ ఎత్తకూడదని.

ఆ తర్వాత సన్యాసమ్మ ఇంటింటికీ తిరిగి "నీళ్ళు కాచి తాగండమ్మా" అని చెప్పింది. తలుపులు మూసేసుకున్నారు. పురుళ్ళకి పిలవడం మానేశారు. సొంత చెల్లెలే "నోరు మూసుకోవే అప్పా" అని ఏడ్చింది. ఆవిడకి భయం లేదనుకున్నావా? అయినా పొద్దున్నే మళ్ళీ బయల్దేరేదట.

అప్పుడు ఒక పొద్దున్న జనం కర్రలు పట్టుకుని ఎర్రమ్మ గుడిసె మీదికెళ్ళారు. అందరికంటే ముందు మునసబు. సన్యాసమ్మ బావిలోంచి చెంబుడు నీళ్ళు తోడుకుని పరిగెత్తింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పరుగులో సగం నీళ్ళు ఒలికిపోయాయి.

"తప్పు ఎర్రమ్మదైతే నీళ్ళకేం దోషం లేనట్టేగా. తాగండి మునసబుగారూ."

ఆయన చెంబు అందుకోలేదు. అందరూ చూశారు. బిడ్డని పోగొట్టుకున్న పారమ్మ కర్ర కింద పడేసి సన్యాసమ్మ పక్కన నిలబడింది. "తాగు బాబూ. మా పిల్లలు తాగినవేగా" అంది.

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గుంట పూడ్చారు. ఎర్రమ్మ బతికింది. అయినా చేతబడి భయం పోక, ఆవిడ గుమ్మం ముందు నడవడానికి చాలామంది ఏళ్ళ తరబడి జంకారు. అంతకుముందెప్పుడో ఇంకో ముసలమ్మని ఇలాగే కొట్టి తరిమేస్తే ఒక్కరూ అడ్డుపడలేదట. ఈసారి ఇద్దరు అడ్డుపడ్డారు. అంతే తేడా.

ఇప్పుడెవరూ అలా చెయ్యరుగా అంటావా? ఏమో తల్లీ. మనుషులు మారారనే అనుకుంటాను. కానీ భయం పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరి మీదికి వేలు పోతూనే ఉంటుంది. అలాంటి రోజొస్తే నువ్వెటు నిలబడతావో అని నా బెంగ. ఇలా దగ్గరికి జరుగు.

కథేమో కంచికి, నువ్వేమో మంచానికి,
భయమేమో బయటికి, మాటేమో నోటికి.